లారీ ముందద్దము - దాని చట్రము

విశాఖపట్టణపు రేవు కథ చెప్పువారు ఓడలను గూర్చి చెప్పుదురు. ఉక్కునగరపు కథ చెప్పువారు కొలుములను గూర్చి చెప్పుదురు. రేవున దిగిన సరకును, కొలిమిలో కరగి వచ్చిన ఉక్కును ఊరూరికి చేర్చిన లారీని గూర్చి చెప్పువారు తక్కువ. ఆ లారీలో డ్రైవరు కన్నులయెదుట నుండు అద్దమును గూర్చి, ఆ అద్దమును పట్టియుంచు చట్రమును గూర్చి చెప్పువారు మఱియు అరుదు. అయినను ఆ చట్రమునకు ఒక చరిత్ర కలదు. వాహనమును చేసిన పెద్ద ఫ్యాక్టరీ ఎచ్చట పని చాలించుకొన్నదో, అచ్చట మన వడ్రంగియు కమ్మరియు పని మొదలుపెట్టిరి. ఆ రెంటి నడుమ నున్న హద్దే ఈ చట్రము.

లారీ యనగానే పూర్తిగా తయారైన వాహనము మన కన్నులకు గట్టును. కాని చాలాకాలము మన దేశమున ఫ్యాక్టరీ వాకిలి దాటి వచ్చినది లారీ కాదు, ఛాసిస్ మాత్రమే. పొడవైన రెండు ఇనుప దూలములు, వానిపై ఇంజను, క్రింద చక్రములు, ముందు ఇంజనును కప్పు రేకు ముఖము, దాని వెనుక స్టీరింగు - ఇంతియే. తలుపులు లేవు, పైకప్పు లేదు, అద్దము లేదు. ఆ ఛాసిస్‌ను నడిపి తెచ్చు డ్రైవరు తలకు తువాలు చుట్టుకొని, కన్నులకు అద్దాలు తగిలించుకొని, తాత్కాలికముగా అమర్చిన చెక్కపై కూర్చుండి, జంషెడ్‌పూరునుండి గాని మద్రాసునుండి గాని వందలకొలది మైళ్లు ఎండకు ఎండుచు, వానకు తడియుచు వచ్చెడివాడు. ఇంజనుకు ఎంత గాలి తగులవలెనో లెక్కగట్టినది ఫ్యాక్టరీ. డ్రైవరు కంటికి గాలి తగులకుండ చూచు భారము మాత్రము లారీ కొన్నవానిపై పడెను.

దీనికి కారణము లేకపోలేదు. ఒకడు బొగ్గు తోలును. ఒకడు కలప తోలును. మఱియొకడు పశువులను, ధాన్యమును తోలును. ఎవరి సరకునకు తగిన పెట్టె వారికి కావలెను. కఱ్ఱయు, పనివాడును దగ్గరలోనే చవుకగా దొరకునప్పుడు, దూరమునుండి తయారైన పెట్టెను కొనితెచ్చుటెందుకని యజమాని తలంచెను. సరకు పెట్టె విషయమున ఈ ఆలోచన సబబైనదే. కాని దానితోపాటు డ్రైవరు కూర్చుండు క్యాబిను కూడ ఆ లెక్కలోనే చేరిపోయెను. సరకుతోపాటు మనిషి కూడ స్థానిక ఏర్పాటై పోయెను.

నిజమునకు మోటారు పుట్టినప్పుడు దానికి ముందద్దమే లేదు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండికి గుఱ్ఱపుబండి వేగమే కనుక గాలిని అడ్డవలసిన అవసరము లేకుండెను. వేగము పెరిగినకొలది దుమ్ము, పురుగులు, వాన ముఖమునకు కొట్టుట మొదలయ్యెను. మొదట నడుపువారు కన్నులకు రక్షణగా గాగుల్సు ధరించిరి. పిమ్మట ఇత్తడి చట్రములో బిగించిన అద్దపు పలకను బండి ముందు నిలిపిరి. అది వేరుగా కొనితెచ్చి తగిలించుకొను అలంకారమువంటిది. పనివారును కొత్తవారు కారు. అంతకుముందు గుఱ్ఱపు సారట్లు కట్టినవారే. మన మద్రాసులో 1840లో గుఱ్ఱపు జీనుల పనితో ఆరంభమైన సింప్సన్ కంపెనీ క్రమముగా బండ్ల తయారీలోనికి, అటుపిమ్మట మోటారు బాడీల పనిలోనికి దిగెను. చెక్కను వంచుట, ఇనుమును అతుకుట, తోలును బిగించుట - ఈ మూడు విద్యలు గుఱ్ఱపుబండినుండి మోటారునకు నేరుగా సంక్రమించినవి.

అద్దము గాలిని ఆపెను గాని కొత్త ప్రమాదమును తెచ్చెను. బండి దేనినైనను గ్రుద్దుకొన్నప్పుడు సాధారణపు గాజు పగిలి కత్తులై ముఖమున దిగెడిది. ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుని 1903 నాటి అనుభవము ఇచ్చట ప్రసిద్ధము. ఆయన ప్రయోగశాలలో ఒక గాజుకుప్పె ఎత్తునుండి క్రింద పడెను. బీటలు వారెను గాని ముక్కలు చెదరిపోలేదు. లోపల ఎండి అంటుకొనిన నైట్రో సెల్యులోజు పొర ముక్కలను పట్టియుంచెనని ఆయన గ్రహించెను. 1909లో ఆయన పేటెంటు పొందిన పొరల గాజు మొదట ప్రపంచయుద్ధమున సైనికుల విషవాయు ముసుగుల కంటిబిళ్లలకు ఎక్కువగా ఉపయోగపడెను. 1927 చివర అమెరికాలో ఫోర్డు కంపెనీ విడుదల చేసిన మోడల్-ఏ కారు ముందద్దము ఇట్టి పొరల గాజుతో వచ్చినది. రెండు గాజు పలకల నడుమ సన్నని పారదర్శకపు పొర. నేటికిని మూలసూత్రము ఇదియే.

ఇక మన తీరమునకు వత్తము. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అను ఓడ విశాఖ కొత్త రేవున ప్రవేశించెను. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. అది రైలును నమ్ముకొని కట్టిన రేవు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజము రైలు పెట్టెలలోనే వచ్చి ఓడ నెక్కెను. కాని రైలు చేరని ఊళ్లు లెక్కకు మిక్కిలి. అచ్చటికి మొదట ఎద్దుబండి, పిమ్మట లారీ పోయినవి. 1939లో యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను విమానముల బాంబులు పడెను. ఆ యుద్ధకాలమున పెట్రోలు కఱవై, వెనుక బొగ్గు పొయ్యి తగిలించుకొని ఆ వాయువుతో నడచిన బస్సులను చూచిన పెద్దలు మొన్నమొన్నటివరకు మన నడుమ నుండిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమునకు అక్కఱలేని వాహనములు దేశమున పలుచోట్ల వేలమునకు వచ్చినవి. వానిని ‘డిస్పోజల్సు బండ్లు’ అనిరి. తుపాకులను, సైనికులను మోసిన ఛాసిస్‌పై పాత క్యాన్వాసు గుడారము తీసివేసి, కొత్తగా చెక్క క్యాబిను కట్టి, ధాన్యపు బస్తాలు వేసిరి. ఇచ్చట మన మేస్త్రి చేసినది కొత్త వస్తువును సమకూర్చుట మాత్రమే కాదు. ఒక పనికి పుట్టిన యంత్రమును మఱియొక పనికి మలచుట.

సరిగా ఆ కాలముననే అమెరికాలో ఇట్టి విద్యయే మఱియొక దారిలో పోయినది. దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చవుకగా కొని, బరువైన భాగములు తీసివేసి, ఇంజనుకు పదును పెట్టి, మ్యూరాక్ మొదలగు ఎండిన ఉప్పునేల చెఱువులలో పందెములు పరుగెత్తించిరి. 1937లో వారొక సంఘముగా ఏర్పడిరి. ఆ బండ్లకే హాట్ రాడ్ అని పేరు వచ్చినది; 1948 జనవరిలో ఆ పేరుతోనే ఒక పత్రిక వెలసినది. గాలిని చీల్చుకొని పోవలెనని వారు ముందద్దపు స్తంభములను కొన్ని అంగుళములు కోసి పొట్టి చేసిరి. 1930ల నడుమ జార్జ్ డువాల్ అను నిపుణుడు నడుమ ముక్కు తేలునట్లు, రెండు పలకలు కోణముగా కలియునట్లు ఒక చట్రమును రూపొందించెను. నేటికిని అచ్చటి ఔత్సాహికులు ఆ నమూనాను ముచ్చటపడి చేయించుకొందురు. అచ్చట చట్రమును మార్చుటకు వేడుకయు వేగమును కారణము. ఇచ్చట చట్రము పుట్టుటకే బ్రతుకుతెరువు కారణము. కాని చేతిపని ఒక్కటే: ఇనుమును కొలిచి కోయుట, అతుకుట, అద్దము పగులకుండ నిలుపుట.

1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలసి జంషెడ్‌పూరులో లారీల తయారీకి పూనుకొనిరి. 1948లో స్థాపితమైన మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలండ్ అయ్యెను. స్వదేశపు ఛాసిస్‌లు విరివిగా రోడ్డెక్కుటతో వానికి ముఖము కట్టు పని ఒక పరిశ్రమ అయ్యెను. మద్రాసు-కలకత్తా రహదారి పొడవున లారీ షెడ్లు వెలసినవి. నగరపు వీథులలో చెదరియున్న మోటారు పనివారికి ఒకచోట నిలువనీడ కల్పించవలెనను తలంపుతో విజయవాడలో జవహర్ ఆటోనగర్ ఏర్పడినది. విశాఖలో గాజువాక చెంత ఆటోనగర్ వెలసినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును 1992 ఆగస్టు 1న జాతికి అంకితము చేసిరి. ఆ నడిమి సంవత్సరములలోను, ఆపైనను, రేవునకు, ఉక్కునకు, ఈ షెడ్లకు నడుమ లారీలు నేతపు మగ్గములో నాడెవలె అటునిటు తిరిగినవి.

ఇప్పుడొక షెడ్డులోనికి తొంగిచూతము. ఛాసిస్ నిలిచియున్నది. మేస్త్రి ముందుగా చేయు పని కొలత. ఓడలు కట్టువారు ఓడ రేఖలను విశాలమైన నేలపై అసలు పరిమాణముతో గీసి, వానినుండి చెక్క అచ్చులు తీయుట ఆనాటి పద్ధతి. 1948 మార్చి 14న నెహ్రూ పండితుడు ‘జల ఉష’ను నీట దింపిన విశాఖ నౌకాశాలవంటి చోట్ల అది నిత్యకృత్యము. లారీ మేస్త్రి విద్యయు దానికి దూరము కాదు. కాగితముపై గీతకంటె నేలపై సుద్దగీతను అతడు ఎక్కువగా నమ్మును. అట్టముక్కతో గాని, పలుచని చెక్కతో గాని అచ్చు తీసి, ఛాసిస్ ముఖముపై ఆనించి చూచి, పిదప అసలు కఱ్ఱపైన, ఇనుముపైన చేయి వేయును.

చట్రము మూలమట్టముగా నున్నదో లేదో తెలియుటెట్లు? ఒక అంచున 3 అడుగులు, రెండవ అంచున 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల నడుమ కొలిచినచో సరిగా 5 అడుగులు రావలెను. చట్రమంతయు బిగించిన పిమ్మట ఒక మూలనుండి ఎదుటి మూలకు త్రాడు పట్టి, రెండు కర్ణములును సమానమా యని చూడవలెను. ఒక నూలు తేడా వచ్చినను ఆ తేడాను అద్దమే భరింపవలెను; భరింపలేనప్పుడు పగులును.

దీనికంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. లారీ ఛాసిస్ స్థిరమైన వస్తువు కాదు. ఒక చక్రము గోతిలో దిగినప్పుడు దూలములు కొంచెము మెలితిరుగును. అట్లు తిరుగుటకే వానిని అటుల చేసిరి, లేనిచో విరుగును. కాని గాజు మెలిక నెఱుగదు. కాబట్టి కదలు ఛాసిస్‌కును కదలని గాజునకును నడుమ సంధి కుదుర్చుటయే చట్రము పని. చెక్క క్యాబినులో అతుకులు కొంత సర్దుకొనును. గాజు అంచునకును చట్రమునకును నడుమ చుట్టును కొంత ఖాళీ విడిచి, ఆ ఖాళీలో రబ్బరు బీడింగు కూర్చుదురు. బాగుగా బిగించితిమని సంతసించి ఖాళీ లేకుండ అద్దము పెట్టినచో, మొదటి గోతిలోనే మూలనుండి బీట బయలుదేరును. బిగింపుకంటె వదులు ఎంత ఉండవలెనో తెలియుట ఈ వృత్తిలో అసలు నేర్పు.

సముద్రతీరపు ఊరు కావున విశాఖలో ఇనుమునకు ఉప్పుగాలి శత్రువు. బీడింగు వెనుక చేరిన వాననీరు పోవు దారి లేక నిలిచినచో, రంగు క్రిందనే తుప్పు మొదలగును. పైకి తెలియునప్పటికి చట్రపు అడుగు బద్ద తినివేయబడి యుండును. అందుచే నీరు జాఱు దారి విడుచుట, అతికిన చోట రంగు పట్టించుట అలంకారము కాదు, అద్దపు ఆయుస్సు. అద్దము కొంచెము వాలుగా నిలుపుట కూడ అందము కొఱకు మాత్రమే కాదు. వాలు సరిగా లేనిచో రాత్రివేళ క్యాబినులోని దీపపు వెలుగు అద్దమున ప్రతిఫలించి, యెదుటి త్రోవను మఱుగుపఱచును. స్తంభము సన్ననిదైనచో కప్పును మోయలేదు. లావైనచో దాని చాటున ఒక సైకిలువాడు, ఒక పసివాడు కనబడకుండ పోవచ్చును. ఆ రెండింటి నడుమ కొలత ఏ పుస్తకమునను చూచి తెచ్చుకొన్నది కాదు. గురువుచేతిక్రింద సంవత్సరములు పనిచేసి నేర్చుకొన్నది.

పాత లారీల ముందద్దము ఒక్క పలక కాక, నడుమ కమ్మితో రెండు పలకలుగా నుండుట మీరు గమనించియే యుందురు. దానికిని కారణము కలదు. వంపు తిరిగిన గాజును చేయుటకు కొలిమి, మూస కావలెను. అది షెడ్డులో కాని పని. చదునైన పొరల గాజునైతే ఏ పట్టణమునందైనను అద్దాల దుకాణమున కొలత ప్రకారము కోయించుకొనవచ్చును. రెండు పలకలైనచో, ఒకటి పగిలినప్పుడు ఒక్కదానికే ఖర్చు. వేడిచేసి గట్టిపఱచిన గాజు మాత్రము ఇందుకు పనికిరాదు. దానిని తరువాత కోయబోయినచో మొత్తము ముత్యములవలె రాలిపోవును. ఈ విధముగా పేదవాని లెక్కయు, గాజు స్వభావమును కలసి లారీ ముఖమునకు ఆ నడిమి గీతను దిద్దినవి. అద్దమునకు పైనున్న నుదుటి పలకపై యజమాని ఇంటిపేరో, ఇలవేల్పు పేరో రంగులలో వ్రాయించి, పూలు దిద్దించి, అప్పుడు లారీని రోడ్డెక్కించిరి.

ఇంతవఱకు చేతిపనిని మెచ్చుకొంటిమి. దాని లోపమును చెప్పకపోవుట న్యాయము కాదు. చెక్క క్యాబిను ఎండకు వానకు నిలిచినను, పెద్ద తాకిడికి నిలువజాలదు. మేస్త్రి ఎంత నిపుణుడైనను, క్యాబిను ఎంత దెబ్బకు తాళునో పరీక్షించి చూచు సాధనము అతనికి లేదు. యజమాని పొదుపు చేయదలచినచో, ఆ పొదుపు మొదట పడినది గాజుపైననే. ఇల్లు కట్టించుకొన్నవాడు దానిలో తానే కాపురముండును. లారీ కట్టించినవాడు మాత్రము చాలసార్లు దానిలో కూర్చుండడు. పదిమందిలో ఒకడైనను డ్రైవరును పిలిచి, ‘ఈ సీటున కూర్చుండి చూడు, దారి కనబడుచున్నదా?’ యని అడుగకపోయినచో ఆ చట్రము ఎవరి కంటికొఱకు?

అందుచేతనే చట్టము ఈ షెడ్డులో అడుగుపెట్టవలసి వచ్చినది. మోటారు వాహనముల చట్టములు 1914లోను, 1939లోను, 1988లోను వచ్చినవి. 1989 నాటి కేంద్ర నియమములు అద్దములన్నియు భద్రమైన గాజుతోనే యుండవలెననియు, మూడేండ్ల గడువు దాటిన పిమ్మట తయారగు వాహనముల ముందద్దము పొరల గాజే కావలెననియు విధించినవి. ముందద్దముగుండ నూటికి 70 పాళ్లు వెలుగు ప్రసరింపవలెనని కూడ వానిలో నున్నది. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్దములపై నల్లపొరలు అంటించుటను నిషేధించినప్పుడు ఆధారముగా నిలిచినవి ఆ నియమములే. తరువాత బస్సు బాడీలకు, లారీ బాడీలకు వేర్వేరు ప్రమాణములు ఏర్పడినవి. 2025 అక్టోబరు 1 నుండి తయారగు మధ్యతరహా, భారీ లారీల క్యాబినులో శీతలీకరణ యంత్రము తప్పనిసరి యను ఉత్తర్వు 2023 డిసెంబరులో వెలువడినది. ఒకనాడు తువాలు చుట్టుకొని జంషెడ్‌పూరునుండి వచ్చిన డ్రైవరును తలచుకొన్నచో, ఇది చిన్న మార్పు కాదు.

ఇంతలో ఫ్యాక్టరీలే క్యాబినులను కట్టుట నేర్చినవి. 1980లలో జపాను కంపెనీల సహకారముతో వచ్చిన చిన్న లారీలు పూర్తి ఉక్కు క్యాబినుతోనే వచ్చినవి. వానిలో ఒకటి మన జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్. అచ్చునుండి దిగిన ఉక్కు, వంపు తిరిగిన ఒకే పెద్ద అద్దము, దానిని అంటించు గట్టి జిగురు - నడిమి కమ్మి మాయమైనది, మేస్త్రి సుద్దగీతయు మాయమైనది. డ్రైవరు ప్రాణమునకు ఇది మేలు. దీనిని కాదనుట తగదు. కాని మేస్త్రి చేతిలోని పని పోవుటయు నిజమే. ట్యాంకర్లు, టిప్పర్లు, సరకు పెట్టెలు, గ్రుద్దుకొన్న బండ్ల మరమ్మతులు అతనికి మిగిలినవి. లారీ ముఖమును మొదటినుండి కట్టు అవకాశము సన్నగిలినది.

పోవు విద్యను బలవంతముగా నిలువబెట్టుమని చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని దానిలోని మెలకువను గుర్తించి వ్రాసిపెట్టుట మన విధి. కదలు దానికిని పెళుసైన దానికిని సంధి కుదుర్చుట, నీటికి దారి విడుచుట, మనిషి కంటి ఎత్తునుబట్టి కొలత తీయుట - ఇవి రేపు పాత వాహనములను బాగుచేయువానికిని, కొత్త క్యాబినును రూపొందించు ఇంజనీరునకును పనికివచ్చు పాఠములు. పారిశ్రామిక శిక్షణాలయములలోని పిల్లలు ఒక పూట వృద్ధులైన మేస్త్రుల యొద్ద కూర్చుండి వారి చేతి కొలతలను పుస్తకమున కెక్కించినచో, ఆ శ్రమ వృథా కాదు.

విశాఖ సముద్రపు ఒడ్డున 2002 నుండి ‘కుర్సురా’ జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలిచియున్నది. 2017లో ఒక పాత నౌకాదళ విమానము కూడ దానికి తోడైనది. సముద్రపు లోతున తిరిగినదానికిని, ఆకాశమున ఎగిరినదానికిని ఈ నగరము చోటిచ్చినది. రేవు బరువును, ఉక్కు బరువును నేలమీద మోసిన చెక్క క్యాబిను లారీ కూడ ఒకటి, నడిమి కమ్మి గల రెండు పలకల అద్దముతో, నుదుటిపై రంగుల పేరుతో, ఆ వరుసలో నిలువదగినది. మన పిల్లలు దానిలోని డ్రైవరు సీటున కూర్చుండి, ఆ అద్దముగుండ ఒకసారి త్రోవను చూచినచో, ఆ చట్రము ఎవరి కంటికొఱకు పుట్టినదో వారికి వేరుగా చెప్పనక్కఱలేదు.